ముడి గుడ్డ

మా ఇంట్లోకి స్పిన్ మాప్ వచ్చి ఇవాల్టికి పన్నెండు రోజులు. బకెట్ మీది బుట్టలో ఆ కుచ్చు గిర్రున తిరిగే చప్పుడు వినబడగానే, మనవరాలు హాల్లో ఏ మూల ఉందో చూసి చటుక్కున చంకనెత్తుకోవడం నాకు అలవాటైపోయింది. దానికి ఎనిమిదో నెల, పాకుతుంది, పాకిన చేతులు తిన్నగా కళ్లకే పోతాయి.

వస్తువును తప్పుపట్టను. మా ఆవిడ మోకాళ్లకు గొంతుక్కూర్చోవడం కుదరదని డాక్టరు చెప్పాక, యాభై నిమిషాల పని ఇరవై నిమిషాల్లో నిలబడే ముగించేస్తోంది. చేత్తో పిండే బాధ లేదు, ఫ్యాను కింద నేను తొంభై లెక్కపెట్టేలోగా నేల ఆరిపోతుంది. నా దిగులల్లా పిండిన నీళ్లు మళ్లీ అదే బకెట్లోకి పోవడం గురించే. నాలుగో గదికి వచ్చేసరికి మొదటి గది మురికిని ఇల్లంతా పలచగా పూస్తున్నామేమో! పైగా నిన్న సంవత్సరం కారానికని వరండాలో మిరపకాయల తొడిమలు తీశారు. ఇవాళ ఆవిడ ముందు వరండా తుడిచి, అదే బకెట్‌తో హాల్లోకి వచ్చింది.

పర్చూరు దగ్గర మా పల్లెలో, మిరపకాయలు ఇంటికొచ్చే రోజుల్లో మా అమ్మకు రెండు తడిగుడ్డలుండేవి. రెండూ నాన్న పాతపంచెలోంచి చించినవే, రెండూ ఒకేలా ఉండేవి. వరండాకు వాడేదానికి మాత్రం ఒక మూల గట్టి ముడి ఉండేది. ఆ ముడి గుడ్డ గడప దాటి లోపలికి వచ్చేది కాదు. అయినా నమ్మకం చాలక, చంటిపిల్లను కింద దించేముందు అమ్మ తడివేలు నాపరాయికి అద్ది నాలుక కొసకు తాకించుకుని చూసేది.

అప్పుడు నేను ఆరో తరగతి, చెల్లెలు మా మనవరాలంత. అమ్మ కళ్లానికి అన్నం తీసుకెళ్లిన పూట, ఆమె వచ్చేలోగా ఇల్లు తుడిచి మెప్పు పొందాలనుకున్నాను. చేతికి దొరికిన గుడ్డను నాలుగు మడతలు సమంగా వేద్దామంటే ముడి అడ్డొచ్చింది, అదెందుకుందో ఆలోచించకుండా గోళ్లతో విప్పేశాను. ఉతికి ఆరేసినదే, తెల్లగా ఉంది. నడవలో ముప్పై ఆరు నాపరాళ్లు, ఒక్కటి వదలకుండా తుడిచాను. నాయనమ్మ చెల్లెల్ని ఉయ్యాల్లోంచి తీసి అక్కడే దించింది. కాసేపటికి అది కళ్లు నులుముకుని పెట్టిన కేక వీధి మలుపులో ఉన్న అమ్మకు వినిపించిందట.

పరుగున వచ్చిన అమ్మ నా చేతిలోని గుడ్డ వైపు చూసింది. "ఒరేయ్, ముడి ఏదిరా?"

"తెల్లగానే ఉంది కదే గుడ్డ!" అంది నాయనమ్మ.

"ఘాటు కంటికి కనపడుద్దా అత్తయ్యా!" అంటూనే అమ్మ చెల్లెల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కళ్లమీద నీళ్లు పోయసాగింది. ఇంకేం చేయాలో తెలియక నేను చెంబులు లెక్కపెట్టాను. ఇరవై మూడో చెంబుకు ఒక రెప్ప విడింది, ముప్పై ఒకటో చెంబుకు రెండోది. విడిన కళ్లకు చూపుందో లేదో ఎవరికీ తెలియదు. చెల్లెలు ఎర్రటి కళ్లతో నావైపు తిరిగి, నా చొక్కా గుండీ పట్టుకుని లాగాకే చూపుందని తెలిసింది. పెద్దయ్యాక నేను పనిచేసిన పత్తి మిల్లులో తూకం కాటా దగ్గర నా లెక్కల్ని అందరూ మెచ్చుకునేవాళ్లు, అవి ఎవరూ నేర్పకుండా వచ్చాయనేవాళ్లు. నాకు మాత్రం అవి ఆ చెంబుల దగ్గర మొదలైనట్టే ఉంటుంది.

అమ్మలాగే ఇవాళ నేనూ, మనవరాల్ని చంకనుంచి దించకుండానే వంగి, హాల్లో నేల పలకకు తడివేలు అద్ది నాలుకకు తాకించాను.

"ఛీ నాన్నా, అదేం పని!" అంది మా అమ్మాయి.

"నా తుడుపుకి రుచి చూసి మార్కులేస్తున్నారమ్మా మీ నాన్న," అని మా ఆవిడ నవ్వింది.

మొదటి నాలుగు పలకల దగ్గర ఏమీ తెలియలేదు. గడప పక్కనున్న అయిదోదాని దగ్గర నాలుక చుర్రుమంది. నా ముఖం చూసి మా ఆవిడ మాప్ కర్ర గోడకు ఆనించి, మోకాలు పట్టుకుని కష్టంగా వంగి తనూ రుచి చూసింది. ఆ తర్వాత నవ్వలేదు. బకెట్ కడిగి, కొత్త కుచ్చు తగిలించి, మూడుసార్లు నీళ్లు మార్చి హాలంతా మళ్లీ తుడిచింది. తీసిన కుచ్చులో నాలుగు పోగులు కలిపి గట్టిగా ముడివేసి వరండాలో ఆరేసింది. చెల్లెలి సంగతి నేనెప్పుడూ ఆమెకు చెప్పలేదు. కాపురానికొచ్చిన కొత్తలో మా అమ్మ దగ్గర ఆ ముడి చూసి ఉంటుంది.

ఆ రోజుల్లో మిరప పని సాగినన్నాళ్లూ అమ్మ చేతులు మండుతూనే ఉండేవి, ఏ రాత్రీ మజ్జిగలో ముంచుకోకుండా పడుకునేది కాదు. ఆ బాధ మా ఆవిడకు లేనందుకు నాకు సంతోషమే. కానీ ఆ మండే చేతులకు ఇంట్లో ఏ రాయి మీద ఏముందో తెలిసేది. ఇప్పుడు నేలకీ మనకీ మధ్య నాలుగడుగుల కర్ర వచ్చింది. ఎంత మెరుస్తున్నా, అయిదు చోట్ల రుచి చూడందే పిల్లను దించడానికి నాకు ధైర్యం చాలడం లేదు.