అడిగి రాసే నూలా

మొన్న శాండీఫోర్డ్‌లో ఆఫీసు ముగించుకుని, లువాస్ ట్రామ్ దిగి, ఆడమ్స్‌టౌన్ రైలెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. వానకి తడిసిన ఉన్ని కోటు. అందులోంచి టర్ఫ్ పొగ వాసన. బురదనేలను ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, చలికాలం పొయ్యిలో కాల్చుకునే మట్టిని ఇక్కడ టర్ఫ్ అంటారు. గోదావరిఖనిలో బొగ్గుపొగ పీల్చి పెరిగిన ముక్కు నాది. పొగల్లో తేడాలు నాకు బాగా తెలుస్తాయి. ఆ వాసన పీలుస్తూ కూర్చుని, దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను. తర్వాతి స్టేషన్లో దిగి, తిరుగు రైలు కోసం చలిలో నిలబడి, నూలాని తలచుకున్నాను. ఆవిడ పోయాక ఇది రెండో చలికాలం.

నూలా నా మొదటి ఐరిష్ బాస్. దేశం నడిమధ్యన, చుట్టూ బురదనేలలున్న ఒక చిన్న పట్నంలోని కాలేజీలో పరిశోధన విభాగం నడిపేది. విభాగం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక గది, ఒక కెటిల్, ఆవిడ, నేను. యూరప్ పెట్టే పరిశోధన నిధుల కోసం దరఖాస్తులు రాయడం మా పని. కర్బన ఉద్గారాలు తగ్గాలి, ఉపాధి పెరగాలి, ఆ ఫలితం పెద్ద నగరాలకే కాక వెనకబడిన ప్రాంతాలకూ అందాలి అన్నది ఆ నిధుల ఆశయం. ఆశయం మంచిదే. అయితే డబ్బు రావాలంటే నాలుగైదు దేశాల సంస్థలు జట్టు కట్టాలి. జట్టులో మాలాంటి మారుమూల ప్రాంతం ఒకటుంటే మొగ్గు ఎక్కువ. అందుకని పెద్ద నగరాల పెద్ద సంస్థలు అన్నీ నిర్ణయించుకున్నాక చివర్లో మాకు ఫోన్ చేసేవి, పెళ్ళి ముహూర్తం పెట్టాక వడ్డించడానికి మనుషులు చాలలేదని కబురు పెట్టినట్టు. నాకు ఒళ్ళు మండేది. నూలా మాత్రం నవ్వి, "పిలిచారు కదా, వెళ్దాం. వెళ్ళాక వడ్డిస్తామో, కూర్చుని తింటామో చూద్దాం" అనేది.

నేను చేరిన మొదటివారంలోనే ఆవిడ నన్ను కారెక్కించుకుని పక్క ఊరికి తీసుకెళ్ళింది. సైట్ చూడటానికి కాబోలని బూట్లు కూడా తెచ్చుకున్నాను. తీరా కారు ఒక చావింటి ముందు ఆగింది. టర్ఫ్ కోత కంపెనీలో జీవితమంతా పనిచేసిన ముసలాయన. ముందు గదిలో పెట్టెలో పడుకోబెట్టారు. జనం వరుసగా వచ్చి, ఇంటివాళ్ళ చేతులు పట్టుకుని ఓదార్చి, వంటగదిలోకి నడుస్తున్నారు. నేనూ నడిచాను. అక్కడ ఆయన కూతురు బ్రీడా నా చేతిలో టీ కప్పూ, శాండ్‌విచ్‌ల ప్లేటూ పెట్టింది. చావింట్లో మంచినీళ్ళైనా ముట్టకూడదని మా అమ్మ నేర్పిన పద్ధతి. ప్లేటు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. నేను తినడం లేదని బ్రీడా కంగారుపడి, ఇది నచ్చలేదేమోనని కేకు తెచ్చింది, అదీ ముట్టకపోతే పళ్ళు తెచ్చింది. తండ్రి పోయిన మనిషి నా వెనకాల తిరుగుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. నూలా ఏమీ అడగకుండా నా ప్లేటు తీసుకుని, తనదీ నాదీ కలిపి తినేసి, "ఈ అమ్మాయికి ఇవాళ ఉపవాసం" అని బ్రీడాకి చెప్పింది.

తిరిగొస్తుంటే, తెలియని మనిషి చావుకి ఎందుకొచ్చామని అడిగాను.

"వచ్చే నెల ఈ ఊరి గురించి రాయబోతున్నాం. రాసేముందు వాళ్ళ మొహాలు మనం చూడాలి, మన మొహాలు వాళ్ళు చూడాలి" అంది. "కర్బనం తగ్గాలని టర్ఫ్ కోయొద్దన్నారు. సరే, మంచిదే. కానీ ఆ మాట ఈ ఊరికి ఎవరో వచ్చి చెప్పారు, ఎవరూ వచ్చి అడగలేదు."

ఇంటికెళ్ళగానే దేన్నీ తాకకుండా బాత్రూంలోకి పరుగెత్తాను. తలుపు బయట నిలబడి మా ఆయన రమేశ్ ఒకటే నవ్వు. "ఎవరో ఎరుక లేని ముసలాయన సావుకు నిన్నెందుకు తీస్కవోయింది మీ మేడం?"

మేడం అనొద్దని నూలా ఎన్నిసార్లు చెప్పినా నా నోరు తిరిగేది కాదు. ఆవిడ ఏమన్నా "అలాగే మేడం" అనేదాన్ని. దరఖాస్తులో ఒక వాక్యం బాగాలేదని నాకు తెలుస్తున్నా "బాగుంది మేడం" అనేదాన్ని. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకపోవడమే మర్యాదని పెరిగాను మరి. ఆవిడ నా మొహంలోకి చూసి, వెళ్ళి కెటిల్ ఆన్ చేసేది.

మేం రాసిన పెద్ద దరఖాస్తు ఆ ఊరి కోసమే. టర్ఫ్ కంపెనీ మూతపడ్డాక, పని పోయినవాళ్ళంతా ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. బ్రీడా దానికి అధ్యక్షురాలు. ఊరి ఇళ్ళన్నిటికీ ఒకేచోట నుంచి వేడినీళ్ళ పైపులు వేసి, ఆ వ్యవస్థని తామే నడుపుకోవాలన్నది వాళ్ళ కోరిక. జట్టులో సంఘం కూడా భాగస్వామి అయితే ఆ యంత్రాలు, పైపులు వాళ్ళ సొంతమవుతాయి, నిర్ణయాల్లో వాళ్ళకి ఓటుంటుంది. భాగస్వామి కాకపోతే ఎవరో వచ్చి యంత్రాలు పెట్టి, కొలతలు తీసుకుని, ప్రాజెక్టు అవగానే వెళ్ళిపోతారు. జట్టుకి నాయకత్వం వహించే సంస్థ పెద్దాయన చెడ్డవాడేమీ కాదు, చాలా మర్యాదస్తుడు. కానీ అనుభవం లేని సంఘం వల్ల మార్కులు పోతాయని ఆయన భయం. దాన్ని తీసేయాలని అప్పటికే నలుగురితో అనిపించాడు.

చివరి మీటింగుకి ముందురోజు నూలా నన్ను కూర్చోబెట్టి టీ పోసింది.

"రేపు సంఘాన్ని వదిలేయమంటారు. నేను ఒప్పుకోను, మన కాలేజీని కూడా తప్పిస్తానంటాను. వాళ్ళు సరే పొమ్మంటారనుకుంటున్నాను. అప్పుడు నీ జీతానికి డబ్బుండదు. ఉద్యోగం లేకపోతే నీ వర్క్ పర్మిట్ కూడా ఉండదని నాకు తెలుసు. నీకేమనిపిస్తోంది?"

"మీరెలా అంటే అలాగే మేడం."

"అది జవాబు కాదు సుజాతా. ఇంటికెళ్ళి మాట్లాడుకుని రా. నువ్వు వద్దంటే నేను రేపు వేరేలా మాట్లాడతాను. బ్రీడాకి ఏం చెప్పుకోవాలో అది నా తిప్పలు."

నా పర్మిట్ మీదే రమేశ్ కూడా ఇక్కడ ఉన్నాడు. సంగతి వినగానే అతని మొహంలో నవ్వు పోయింది. "ఇంటి లీజు ఇంక అయిపోలే. పర్మిట్ పోతే ఏం జేస్తం?" అన్నాడు. తర్వాత తనే అడిగాడు. "మనకాడ గని మూసేటప్పుడు మీ నాయిన్ని ఎవరన్న అడిగిన్రా?"

"లేదు. గేటుకు కాగితం అంటిచ్చిన్రు."

"మరి గీమె అడిగింది గద. నీ మనసుల ఏమున్నదో గదే చెప్పు."

మర్నాడు పొద్దున్నే నూలాతో "సంఘాన్ని తీయొద్దు" అన్నాను. ఆన్‌లైన్ మీటింగులో ఆ పెద్దాయన ఎంతో ఓపికగా, "యంత్రాలు మీ ప్రాంతంలోనే పెడతాం కదా, మీరు పాల్గొన్నట్టే" అన్నాడు. "యంత్రాలు పాల్గొంటాయి. మనుషుల సంగతి అడుగుతున్నాను" అంది నూలా. ఆ తర్వాత అంతా ఆవిడ చెప్పినట్టే జరిగింది. ల్యాప్‌టాప్ మూసి, కప్పులు కడగడానికి వెళ్ళింది. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఒప్పుకున్నది నేనే, ఏడ్చిందీ నేనే. రెండూ నిజమే.

వాళ్ళకి ఇంకో దేశంలో ఇంకో మారుమూల ప్రాంతం దొరికింది. నా కాంట్రాక్టు ముగిసింది. నూలా తనకి తెలిసిన ప్రతివాళ్ళకీ ఫోన్లు చేసి, చివరికి శాండీఫోర్డ్‌లో ఇలాంటి దరఖాస్తులే రాసే ఇప్పటి ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇప్పించింది. పర్మిట్ చేతికొచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్రలేదు. మేం సామాన్లు సర్దుకుంటుంటే బ్రీడా వచ్చింది. కృతజ్ఞతలేమీ చెప్పలేదు. "నిన్ను మా సంఘంలో సభ్యురాలిగా చేర్చుకున్నాం. ఊళ్ళో ఇల్లుండాలన్న నియమమేమీ లేదు, చూశాం. మీటింగులకి రావాలి మరి" అంది.

వసంతంలో ఊరి హాల్లో మీటింగు పెడితే వెళ్ళాను. నూలా ఒక ప్రతిపాదన పెట్టింది. మనలాంటి చిన్న ప్రాంతాలతోనే జట్టు కట్టి, మళ్ళీ యూరప్ నిధులకి వెళ్దాం, అందాకా ఆగుదాం అని. చక్కగా మాట్లాడింది. బ్రీడా మాత్రం ఆగొద్దంది. చిన్న బాయిలర్ ఒకటి పెట్టి, ముందు బడినీ హాలునీ వెచ్చబెడదాం, నడిపి చూపిస్తే ఆ తర్వాత ఎవరూ అనుభవం లేదనలేరు అంది. నాకు బ్రీడా మాటే సబబనిపించింది. నూలా నా ముందు వరుసలోనే కూర్చుంది. ఓటుకి పెట్టారు. నాకు ఉద్యోగం ఇప్పించిన మనిషి నా ఓటు వల్లే ఓడిపోవచ్చు. బ్రీడా వైపు చెయ్యెత్తాను. నూలా ఓడిపోయింది.

బయట కార్ల దగ్గర ఆవిడని తప్పించుకుని పోదామనుకున్నాను. వదల్లేదు.

"నాకు వ్యతిరేకంగా చెయ్యెత్తావు."

"అవును నూలా."

మేడం అనలేదని మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆవిడ నవ్వి, నా భుజం మీద చెయ్యేసింది. "గ్రాండ్, చాలా బాగుంది. నా గదిలో ఒక్కసారైనా ఎత్తుతావేమోనని ఎదురుచూశాను. బయటికెళ్ళాక ఎత్తావు, పర్లేదు."

బడి వెచ్చబడింది. దాన్ని చూపించి సంఘం తర్వాత తన పేరుతోనే యూరప్ జట్టులో చేరింది. నూలా అది చూసే పోయింది. నేను ఇప్పటికీ ఏటా ఆ మీటింగుకి వెళ్తాను. శాండీఫోర్డ్‌లో నా పైవాళ్ళు ఎవరినీ అడక్కుండా ఏదో ఒక ఊరి పేరు రాసేసినప్పుడు, నాకు తోచింది చెబుతాను. ఇప్పటికీ ముందు నోటికి "అలాగే" అనే వస్తుంది. అయినా చెబుతాను.