బిడ్డ రంగు అడిగిన పెద్దమ్మ

1990 ఆగస్టు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన కొన్నాళ్లకు, హవల్లీలో నేను పనిచేసే చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నర్సులం ముగ్గురమే మిగిలాం. కుళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. అలాంటి రోజుల్లో రాయచోటి షాహీన్ మగబిడ్డను కన్నది. ఆమె ఒక అరబ్బు ఇంట్లో వంటమనిషి. భర్త ఇద్రీస్ సూడాన్‌వాడు, అదే ఇంట్లో డ్రైవరు.

పుట్టగానే బిడ్డకు ఆప్‌గార్ స్కోర్ వేస్తాం. గుండె, ఊపిరి, కదలిక, స్పందన, ఒంటి రంగు చూసి ఇచ్చే మార్కులవి. రంగంటే ఒళ్లు నీలంగా ఉందా అని మాత్రమే. వీడికి మంచి మార్కులే వచ్చాయి. కువైట్‌లోనే ఇంకో ఇంట్లో పనిచేసే షాహీన్ అక్క మాబున్నీ లెక్క మాత్రం వేరు.

"ఏం సిస్టరూ, ఇంత నల్లగా పుట్టినాడే! ఎంటికలు చూడు, రింగులు రింగులు. పోనుపోను తెలుపొస్తాడా?"

"పాలు బాగా తాగుతున్నాడమ్మా," అన్నాను.

మధ్యాహ్నం శనగపిండి తెచ్చి పసివాడి ఒంటికి రుద్దబోయింది. తాగడానికే నీళ్లు లేవు, పిండి కడగడానికి ఎక్కడివి? చెయ్యి పట్టుకుని ఆపాను. సాయంత్రం చూస్తే ముక్కు నిలబడాలని నొక్కుతోంది. బయట తుపాకులు పేలుతుంటే ఈమెకు ముక్కు గొడవ!

ఇద్రీస్‌కు తెలుగు రాదన్న ధైర్యంతో అతడి ముందే బిడ్డను 'నల్లోడు' అనేది. అతడు వరండాలో నన్ను ఆపి హిందీలో అన్నాడు: "సిస్టర్, నల్లోడు అంటే ఏమిటో నాకు తెలుసు. నా కొడుక్కి ఇంకా పేరే పెట్టలేదు."

మర్నాడు మాబున్నీ, ఇండియా పోయేవాళ్లను జోర్డాన్ చేర్చే బస్సులో రెండు సీట్లు సంపాదించి వచ్చింది.

"మనిద్దరం పోదాం. బిడ్డను వాళ్ల నాయన దగ్గర ఇడిసిపెట్టు. వీన్ని రాయచోటిలో దింపితే జనం ఏమంటారు? నాకు ప్రేమ లేక కాదు షాహీన్."

పచ్చి బాలింత లేచి కూర్చుంది. "నువ్వు పనిచేసే ఇంటి అరబ్బు యమ్మ, 'నల్లదానా, నా గ్లాసు ముట్టద్దు' అంటే అన్నం మాని ఏడ్చినావు కదా ఆపా. ఆ మాటే నా కొడుకును మనింట్లో అంటావా?"

"ఆ యమ్మ కొవ్వెక్కి అన్నది. నేను సొంత పెద్దమ్మను!"

"అందుకే ఎక్కువ నొస్తాంది. ఖలాస్, నువ్వు పో."

మాబున్నీ ఏడ్చుకుంటూ వెళ్లింది. తానన్నదాంట్లో తప్పేముందని గుమ్మం దాటేదాకా నన్ను అడుగుతూనే ఉంది. కొన్నాళ్లకు షాహీన్ బిడ్డతో, ఇద్రీస్‌తో సూడానీల బస్సెక్కింది. ముగ్గురూ క్షేమంగా సరిహద్దు దాటారని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు పురుళ్లు పోశాను. బిడ్డ రంగు అడిగేవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. బాలింతకు పథ్యం వండి తెచ్చేవాళ్లే అడుగుతారు, అందుకే వాళ్లకు నచ్చజెప్పడం అంత కష్టం. ప్రేమతో అన్నా ఆ మాట గుచ్చుకుంటుందని షాహీన్ దగ్గర నేర్చుకున్నాను. ఇక వాదించడం మానేశాను. ఎవరైనా రంగు అడిగితే బిడ్డను తల్లి చేతికిచ్చి, అడిగినవాళ్లను బయట కూర్చోమంటాను.