సునంద నింపిన డబ్బీ

శ్రీలతకు ముప్పై తొమ్మిదేళ్లు. ఇంద్రేశం నుంచి కంపెనీ బస్సులో వెళ్లి పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో మాత్రలు ప్యాక్ చేస్తుంది. లోపలికి వెళ్లేముందు తల నుంచి పాదాల దాకా తెల్ల సూట్ వేసుకోవాలి. బాత్‌రూమ్‌కు వెళ్లాలంటే అంతా విప్పి మళ్లీ తొడుక్కోవాలి. అందుకని ఆడవాళ్లు డ్యూటీలో నీళ్లు తాగరు.

మూడేళ్లుగా ఆమెకు యోని దగ్గర దురద, మంట, విరిగిన పాలలా తెల్లబట్ట. ఫంగస్ అన్నారు. మందుల షాపు మాత్రతో తగ్గేది. నెల తిరక్కుండా మళ్లీ వచ్చేది. భర్త నర్సింగ్ కొన్నాళ్లు అడిగాడు. తర్వాత మంచం హాల్లో వేసుకున్నాడు. ఆమె వద్దనలేదు.

లేజర్ వైద్యం సంగతి చెప్పింది పక్కన పనిచేసే సునంద.

"అమీన్‌పూర్ల కొత్త క్లినిక్ పెట్టిన్రు అక్కా. మూడుసార్లు పోతె సాలంట. బావ మంచం మల్ల లోపలికొస్తది."

"మంచం సంగతి ఇడిసిపెట్టు. దురద పోతే సాలు."

క్లినిక్‌లో డాక్టరమ్మ అడిగింది: "షుగర్ ఉందా?"

"లేదు మేడమ్. కంపెనీల ఏడాదికోసారి సూస్తరు."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కాగితం మీద నార్మల్ అనే ఉంది.

మూడుసార్లు వెళ్లి లేజర్ బల్ల మీద పడుకుంది. సన్నటి గొట్టం, పది నిమిషాలు. మొదటిసారి కాస్త వెచ్చగా అనిపించింది. మూడోసారి అదీ లేదు.

యాభై రోజులు బాగుంది. ఒక ఉదయం కంపెనీ బస్సులో మళ్లీ మొదలైంది. ఆమె కిటికీలోంచి చూస్తూ గేటు దాకా కూర్చుంది.

సంగారెడ్డి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షకు తెల్లబట్ట తీసుకుంది. వేలు గుచ్చి రక్తం కూడా చూసింది.

"షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందమ్మా?"

"నాకు లేదు మేడమ్."

డాక్టరమ్మ మిషన్ ఆమె వైపు తిప్పింది. "ఇంత షుగరుంటే ఫంగస్ మళ్లీ మళ్లీ వస్తుంది. దీనికి లేజర్ పనిచేస్తుందని గట్టి రుజువు ఇంకా లేదు. ముందు షుగర్ దించాలి. ఫంగస్ మాత్ర వారానికొకటి, ఆరు నెలలు. తగ్గిందని మధ్యలో మానొద్దు."

బయట బెంచీ మీద కూర్చున్నాక గుర్తొచ్చింది. కంపెనీలో షుగర్ చూసేది మూత్రంలోనే. జబ్బు మొదలైన ఏడు, డబ్బీలో తెల్లటిది పడితే ల్యాబ్ అతను చూస్తాడని సిగ్గుపడింది. సునంద రెండు డబ్బీలు నింపి ఒకదాని మీద శ్రీలత పేరు రాసింది. తర్వాతి ఏడూ అంతే. ఆ తర్వాత అది అలవాటు. నార్మల్ అని వచ్చిన కాగితాలు మూడూ సునందవి.

వర్షాలు మొదలయ్యాక కంపెనీలో మళ్లీ టెస్టులు పెట్టారు. సునంద బాత్‌రూమ్ నుంచి రెండు డబ్బీలతో వచ్చింది.

"ఇగో, నీది గూడ అయిపోయింది."

"నాది నేనే ఇస్త."

"ఆడు సూస్తడే!"

"సూడనియ్యి."

సునంద వెనక్కి వెళ్లి ఒక డబ్బీ పారబోసింది.

ఆ రోజు శ్రీలత బస్సెక్కేముందు నీళ్లు తాగి వచ్చింది. డబ్బీ నిండింది. మూత బిగించి, పేరు తనే రాసింది.