సమాధుల దొడ్డి దారి

ఆ ఊరికి పంచాయతీ కార్యదర్శిగా వెళ్లినప్పుడు నాకింకా ముప్పయ్యేళ్లు నిండలేదు. తిరువూరులో ఒక గది అద్దెకు తీసుకుని రోజూ స్కూటీ మీద వెళ్లి వచ్చేదాన్ని. గంపలగూడెం రోడ్డు మీంచి కాస్త లోపలికి పోతే ఆ ఊరు. వరి, పత్తి, మిరప, మధ్యమధ్య మామిడి తోటలు.

నెలకోసారి పాలకవర్గ సమావేశం ఉండేది. ముందు రోజు అందరికీ ఫోన్లు చేసి, మర్నాడు పొద్దున మళ్లీ చేస్తే తప్ప మనుషులు కూడేవాళ్లు కాదు. వెలగని వీధిలైట్లు, పూడుకుపోయిన సైడు కాలవలు, ఎవరి కొళాయికి నీళ్లెక్కడం లేదు, ఎవరు మోటారు పెట్టి లాగేస్తున్నారు, ఇవే మాటలు తిరిగి తిరిగి వచ్చేవి. నా పని అందరి మాటా విని తీర్మానాల పుస్తకంలో రాయడం. ఓటు మాత్రం సభ్యులదే. ఆ ఏర్పాటు నా స్వభావానికి సరిపోయింది. ఒకళ్ల పక్షం వహించాల్సిన అవసరం నాకుండేది కాదు.

సర్పంచ్‌కి నలభై దాటి ఉంటాయి. ఉన్న కుటుంబం. పదవి ఆడవాళ్లకు రిజర్వు కావడంతో ఆమెను భర్త నిలబెట్టాడు. సమావేశానికి ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లు. ఆమె కుర్చీలో కూర్చునేది, ఆయన పక్కనే ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని మాట్లాడేవాడు. ఊళ్లో ‘సర్పంచ్ గారు’ అంటే ఆయనే. ఆమెను ‘మేడమ్’ అనేవాళ్లు, నన్నూ ‘మేడమ్’ అనేవాళ్లు. ఎవరిని పిలుస్తున్నారో తెలియక ఒక్కోసారి ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్లం. ఆమె నోరు విప్పి ఏమీ అనేది కాదు గానీ, సంతకం పెట్టే ముందు పేజీ మొత్తం చదివేది. ఆయన విసుక్కునేవాడు.

“అన్నీ చదవాలా? పెట్టు, భోజనాల టైమయింది.”

“అయిపోయిందండీ, ఇదిగో,” అంటూనే ఆమె చివరి వరుస దాకా చదివేది.

ఊరి చివర క్రైస్తవుల పేట తరఫున ఒక వార్డు సభ్యురాలు వచ్చేది. యాభై పైబడ్డ మనిషి. మిరపకాయ కోతలకు ఆడవాళ్లను ముఠాగా కట్టి ఆటోల్లో ఊళ్లకు తీసుకెళ్లేది. ఆదివారాలు చర్చిలో ముందు వరుసలో కూర్చునేది. సమావేశం రోజున పని మానుకుని రావాలి గనక, వచ్చినప్పుడు తన మాట చెప్పకుండా వెళ్లేది కాదు. ఆ మాట ఎప్పుడూ ఒకటే, డొంక.

పేట చివర నుంచి, పేటవాళ్లు తమవాళ్లను పూడ్చే సమాధుల దొడ్డికి పూర్వం డొంక ఉండేది. బండి పట్టేంత వెడల్పున్న దారి. దాని పక్కన ఒక మామిడి తోట ఉంది. ఏటేటా ఆ తోట కంచె కాస్త కాస్త జరిగి డొంకలోకి వచ్చింది. ఆ తర్వాత కంచె లోపల కొత్త వరుస చెట్లు లేచాయి. నేను వెళ్లేసరికి ఒక మనిషి కంపకు చీర తగలకుండా పక్కకు తిరిగి నడిచేంత సందు మిగిలింది. శవపేటికను మోసుకుని పోవడం కుదరదు. ఆ తోట సర్పంచ్ భర్త సొంత అన్నది, అంటే సర్పంచ్‌కి బావగారిది.

“మా దారి సంగతి ఏం చేశారండీ?” అని వార్డు సభ్యురాలు అడిగేది.

“చూద్దాంలేమ్మా, ఇంట్లో మాట్లాడతాను,” అనేవాడు సర్పంచ్ భర్త.

నేను ‘చర్చించి వాయిదా వేయడమైనది’ అని రాసేదాన్ని. వార్డు సభ్యురాలు లేచి, టీతో ఇచ్చినవాటిలో మిగిలిన బిస్కెట్టు కొంగున కట్టుకుని వెళ్లిపోయేది. కోపం చూపించేది కాదు. వచ్చే నెల మళ్లీ అడిగేది.

ఆ ఏడు వానాకాలంలో వార్డు సభ్యురాలి అత్తగారు పోయింది. పంచాయతీ తరఫున పలకరించి రావాలని నేను వెళ్లాను. సర్పంచ్ కూడా దండ పట్టుకుని వచ్చింది. భర్త ఆ రోజు విజయవాడ వెళ్లాడు, ఆమె ఒక్కతే వచ్చింది. చర్చిలో ప్రార్థన అయ్యాక పేటికను ఎత్తారు. తిరువూరు నుంచి తెప్పించిన వ్యాను చర్చి దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణుంచి మనుషులు భుజాల మీద మోసుకుంటూ కాలవ కట్ట మీదుగా చుట్టు తిరిగి, వరిచేలో గట్టు మీద నడిచి దొడ్డి చేరాలి.

“మనం కూడా వెళ్దామా మేడమ్?” అని సర్పంచ్ నన్ను అడిగింది. ఆమె ఆ దారిన ఎప్పుడూ నడవలేదట. నేనూ నడవలేదు.

కాలవ కట్ట మీద పరవాలేదు. చేలోకి దిగాక గట్టు వానకు నాని సబ్బులా జారుతోంది. చెప్పులు చేత పట్టుకున్నాం. ముందు పాట పాడుతున్నారు. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. ముందు మోస్తున్నవాళ్లలో ఒకతను జారి చేలో పడ్డాడు. మిగిలినవాళ్లు నిలదొక్కుకోలేక పేటికను వరి మీద, బురదలో దించేశారు. ఒక మూల లోపలికి దిగబడింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. పాస్టర్ గారు గొడుగు పక్కన పెట్టి, ప్యాంటు మడుచుకుని తనూ దిగాడు. పేటికను లేపి గట్టు మీద పెట్టాక, వార్డు సభ్యురాలు మోకాళ్ల మీద కూర్చుని దానికంటిన బురదంతా కొంగుతో తుడిచింది. నెమ్మదిగా, నాలుగు పక్కలా తుడిచింది. ఆ పని అయ్యేదాకా అందరూ వానలో నిలబడ్డారు.

సర్పంచ్ నా పక్కనే ఉంది. ముఖంలో ఏమీ కనపడలేదు. వార్డు సభ్యురాలు లేచాక మాత్రం ఆమెను అడిగింది.

“అటు డొంకలోంచి అయితే ఎంత దూరం?”

“ఎంతో లేదండీ. అదిగో, ఆ మామిడి చెట్లకి ఇవతల. మీకు కనపడుతుందే, అదే,” అంది వార్డు సభ్యురాలు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది.

తరువాతి సమావేశంలో కాలవల పూడికతీత గురించి మాటలయ్యాక సర్పంచ్ నా వైపు తిరిగింది.

“మేడమ్, డొంక కొలిపించాలని రాయండి.”

గదిలో అందరూ ఆమె వైపు చూశారు. ఆమె గొంతు అంత పెద్దదని నాకూ అప్పుడే తెలిసింది. భర్త నవ్వాడు.

“అది తర్వాత చూద్దాంలే. అన్నయ్యతో ఒక మాట అనుకుని...”

“మీరు అనుకోండి. మేడమ్, మీరు రాయండి. సర్వేయర్‌ని పిలిచి కొలిపించి, ఆక్రమణ ఉంటే తీయించాలి. అంతేగా రాయాల్సింది?”

అంతేనని చెప్పాను. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తమంది. ముందు వార్డు సభ్యురాలు ఎత్తింది. తర్వాత ఒక్కొక్కళ్లే ఎత్తారు. ఇద్దరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. భర్తకు ఎత్తడానికి వీల్లేదు, ఆయన సభ్యుడు కాడు. ఆ సంగతి ఆ గదిలో ఎవరికైనా గుర్తొచ్చింది ఆ రోజే అనుకుంటాను. ఆయన ఫోను పట్టుకుని బయటికి వెళ్లాడు, మళ్లీ లోపలికి రాలేదు. ఆమె పేజీ మొత్తం చదివి సంతకం పెట్టింది. తర్వాత ఇంటికి ఎలా వెళ్లాలా అని కాసేపు ఆలోచించింది. ఆయన బండి తీసుకుని వెళ్లిపోయాడు. నా స్కూటీ మీద దించాను.

సర్వేయర్ రావడానికి చలికాలం వెళ్లిపోయింది. మామిడి పూత నిలిచి పిందె కట్టాక వచ్చాడు. గొలుసు లాగి, పటం చూసి, కర్రలు పాతాడు. తోట చివరి వరుస మొత్తం డొంకలోనే ఉంది. కలెక్టర్ రకం మామిడి చెట్లు, మంచి కాపు వయసులో ఉన్నవి.

బావగారు తోట గట్టున నిలబడ్డాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. తమ్ముడి భార్యతో ఆయన నేరుగా మాట్లాడడు. ఆయన ఎదుట ఆమె కూర్చోదు. అది వాళ్లింటి పద్ధతి. అందుచేత ఇద్దరికీ మధ్య నేను నిలబడాల్సి వచ్చింది.

“ఆవిడకి చెప్పండి మేడమ్, ఈ వరస మా నాన్న పోయిన ఏడాది నేను పెట్టింది. బిందెలతో నీళ్లు మోసి బతికించాను.”

ఆమెకు వినపడుతూనే ఉంది. అయినా నేను చెప్పేదాకా ఆగింది.

“బావగారికి చెప్పండి, చెట్ల తప్పేం లేదు. దారి మనది కాదు.”

“దారి కావాలంటే శవం వచ్చిన రోజున తోటలోంచి తీసుకెళ్లమనండి. నేనేమన్నా వద్దంటానా?”

“ఆ రోజున వచ్చి అడగాలా, అడగండి మేడమ్. ఇంట్లో శవాన్ని పెట్టుకుని వచ్చి అడగాలా?”

ఈ మాట నేను అందించలేదు. అందించక్కర్లేకపోయింది. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. సర్వేయర్ చెట్లు కొట్టడానికి ఎప్పుడు మనుషులను పెడతారని నన్ను అడిగాడు. నేను సర్పంచ్ వైపు చూశాను. అప్పుడు అంతసేపూ వెనక నిలబడి ఉన్న వార్డు సభ్యురాలు ముందుకొచ్చింది.

“ఇప్పుడొద్దండీ. చెట్టు నిండా పిందె ఉంది. కాపు మీదున్న చెట్టు మీద గొడ్డలెయ్యకూడదు. కోతలయ్యాక చూద్దాం.”

“ఇన్నాళ్లూ నువ్వే కదమ్మా అడుగుతోంది?” అన్నాడు సర్వేయర్.

“ఇన్నాళ్లు ఆగాం, కాయ దిగేదాకా ఆగలేమా? ఆ కాయలు కొయ్యడానికి వచ్చేది కూడా మావాళ్లేనండీ.”

బావగారు ఆమె వైపు చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో కాయ బాగా కాసింది. కోతలయ్యాయి. కంచె మాత్రం కదల్లేదు. నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. సర్పంచ్ సంతకం పెట్టడానికి ఇంటికి తెప్పించుకుంది. నేను తీసుకెళ్లాను. వంటింటి గడప దగ్గర చెయ్యి తుడుచుకుంటూ చదివింది. పైన బావగారి పేరు దగ్గర కాస్త ఆగింది.

“బావగారు మా పెళ్లిచూపులకు వచ్చి నన్ను చూసి వెళ్లి, పిల్ల నెమ్మదస్తురాలు, చేసుకోండని చెప్పిన మనిషి,” అంది. నవ్విందో లేదో నాకు సరిగా తెలియలేదు. సంతకం పెట్టి ఇచ్చింది. హాల్లో టీవీ చూస్తున్న భర్త తల తిప్పలేదు.

గడువు పూర్తి కాకముందే బావగారు తనే కలప వాళ్లను పిలిచి ఆ వరస కొట్టించేశాడు. నేను వెళ్లేసరికి మొద్దులు ట్రాక్టరుకి ఎక్కిస్తున్నారు. ఆయన అక్కడ లేడు. కొట్టిస్తున్నప్పుడు కూడా రాలేదని, ఆ రోజంతా ఎ.కొండూరులో చుట్టాలింట్లో ఉన్నాడని కలప వాళ్లు చెప్పారు. పచ్చి మామిడి చెక్క వాసన పేట దాకా వచ్చింది. వార్డు సభ్యురాలు వచ్చి, మొదళ్లు మిగలకుండా వేళ్లతో సహా తీయించమని నాతో చెప్పి, పనికి ఆటో ఎక్కి వెళ్లిపోయింది. నేను ఏదో సంతోషం కనపడుతుందని అనుకున్నాను. ఆమెకు ఆలస్యమయింది, అంతే.

తర్వాత డొంక మీద గ్రావెల్ పోయించాం. అన్నదమ్ముల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. సర్పంచ్ భర్త సమావేశాలకు రావడం మానేశాడు. దాంతో సమావేశాలు పొడుగయ్యాయి, ఎందుకంటే అందరూ మాట్లాడడం మొదలుపెట్టారు. ఆమె అందరినీ మాట్లాడనిచ్చి, చివర్లో “ఇంతకీ ఏం చేద్దాం?” అని అడిగేది. ఇంటికి ఆటోలో వెళ్లేది. ఒకసారి అడిగాను, ఇంట్లో ఇబ్బందిగా ఉందా అని.

“ఉండదా మేడమ్? పండక్కి వాళ్లింటి నుంచి పులిహోర రాలేదు. నేను పంపిస్తే గిన్నె అలాగే తిరిగొచ్చింది. ఈయన మూడోరోజు దాకా మాట్లాడలేదు. తర్వాత ఆకలేసి మాట్లాడారు.”

ఆ చలికాలంలో పేటలో ఒక ముసలాయన పోయాడు. ఈసారి వ్యాను ఎక్కడా ఆగకుండా సమాధుల దొడ్డి గేటు దాకా వెళ్లింది. నేను వెళ్లలేదు, మండలంలో మీటింగు ఉంది. వార్డు సభ్యురాలు ఫోన్ చేసి చెప్పింది. “దారి బావుందండీ. ఎక్కడా దించలేదు,” అంది. వెనక ఎవరో పిలిస్తే ఆమె పెట్టేసింది.

నాకు రెడ్డిగూడెం వైపు బదిలీ అయ్యే ముందు జరిగిన చివరి సమావేశంలో కూడా డొంక మాట వచ్చింది. దారి వెడల్పుగా, ఎండగా ఉండేసరికి పేటవాళ్లు కొందరు అక్కడ గేదెల్ని కట్టేస్తున్నారు, ఒకాయన గడ్డివామి వేశాడు. ఆ ఒకాయన వార్డు సభ్యురాలి సొంత మరిది.

“నేను చెప్తే వినట్లేదండీ,” అంది ఆమె, కాస్త సిగ్గుపడుతూ.

“నోటీసు ఇద్దామా?” అని అడిగింది సర్పంచ్.

వార్డు సభ్యురాలు ఒక్క క్షణం ఆలోచించింది.

“ఇవ్వండి,” అంది. నేను రాసుకున్నాను.