ట్యాపెట్ల చప్పుడు

పోయిన నెల మా చిన్నమ్మాయి కరెంటు స్కూటర్ కొనుక్కుని వచ్చి ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు ఆపింది. వరండాలోనే పేపరు చదువుకుంటున్నాను, అయినా ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. "దీంట్లో చప్పుడే ఉండదు నాయనా" అని మురిసిపోయింది. బాగుందన్నాను. కానీ చప్పుడు విని బండి జబ్బు చెప్పే మనిషి ఒకాయన గుర్తొచ్చి, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నా బండి కొని ఇరవై రెండేళ్లు. పెట్రోలు తక్కువ తాగుతుందన్న ఒక్క గుణం చూసి కొన్న నూరు సీసీ బండి. పెద్దముడియం మండలంలోని ఒక పల్లెబడిలో అయివారుగా ఉండేవాణ్ణి. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లు తెరవకముందే బయల్దేరి, జమ్మలమడుగు మీదుగా బడికి పోయి, సాయంత్రానికి నల్లరేగడి దుమ్ముతో తిరిగి వచ్చేవాణ్ణి. మా అత్తగారిది పులివెందుల. అక్కడి నుంచి వచ్చేటప్పుడు ట్యాంకు మీద పెద్దమ్మాయి, వెనక మా ఆవిడ, ఆమె ఒళ్లో చిన్నమ్మాయి, పక్కన వేలాడే చీనీకాయల సంచి. ఆ బండి ఎవరినీ వద్దనలేదు. సీటు మూడుసార్లు కుట్టించాను. కిలోమీటర్లు చూపించే ముల్లు ఎప్పుడు ఆగిపోయిందో కూడా గుర్తులేదు. తన ఒంట్లో బాగాలేదంటే రేపు చూద్దామనే మనిషి, బండి దగ్గితే మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోతాడని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

బండి దగ్గితే నేను లేచిపోయేది బట్టల అంగళ్ల వెనక సందులో ఉండే మెకానిక్ దగ్గరికి. పెద్దవయసు సాయిబు. అందరూ మామా అనే పిలిచేవాళ్లు. బండి రాగానే పనిముట్లు తీసేవాడు కాదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, దాని చెక్కపిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. మనం మాట్లాడకూడదు. టీ వస్తే చల్లారిపోవాల్సిందే. కాసేపటికి కళ్లు తెరిచి, ట్యాపెట్లు వదులైనాయనో, చైను సాగిందనో చెప్పేవాడు. ట్యాపెట్లంటే ఇంజను తలలో కొట్టుకుంటూ ఉండే చిన్న ముక్కలు, వదులైతే టకటకమంటాయి. ఆయన చెప్పింది తప్పు కావడం పదిహేనేళ్లలో నేను చూడలేదు.

ఆ తర్వాత ఒక ఎండాకాలం నా బండి కుట్టుమిషను మాదిరి టకటకమనడం మొదలుపెట్టింది. బండ్ల సంగతి ఏమీ తెలియని మా ఆవిడకు కూడా వినిపించింది. మామ ఎప్పటిలాగే చెవికి పిడి పెట్టుకుని, కళ్లు మూసి, తెరిచి, "గడియారం మాదిరి ఉండాది, పో అయివారూ" అన్నాడు. ఆయన మాట మీద నా చెవులనే అనుమానించాను. ఆ వారమే నేనూ మా ఆవిడా పులివెందులకు పోతుంటే దారిలో ఇంజను పట్టేసింది. ఎండలో ఒక అరటితోట పక్కన నిలబడి, చివరికి లగేజీ ఆటోలో బండిని ఊరు చేర్చాము. పులివెందుల మెకానిక్ ఇంజను విప్పి, ఇంత చప్పుడు చేసే బండిని బాగుందని పంపిందెవరని అడిగాడు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. కొన్ని నెలలుగా మామ మాట్లాడేవాళ్ల పెదాల వైపే చూస్తున్నాడు. ఒకటి అడిగితే ఒకటి చెబుతున్నాడు. పరధ్యానం అనుకున్నాను.

ఇంక ఆయన దగ్గరికి పోవద్దని మా ఆవిడ కచ్చితంగా చెప్పింది. ఆమె మాట తీసేయలేను, పోకుండా ఉండలేను, పోయి చెప్పనూ లేను. అందుకని ముందు బైపాసు రోడ్డులోని కొత్త షాపులో బండి బాగు చేయించి, మర్నాడు మామ దగ్గరికి తీసుకుపోయేవాణ్ణి. ఆయన విని, గడియారం మాదిరి ఉండాదనేవాడు. ఇప్పుడది నిజమే కదా. పరీక్షకు ముందురోజే జవాబులు చెప్పేసి, పిల్లవాడు పాసైతే సంబరపడే అయివారులాగా ఇంటికొచ్చేవాణ్ణి. ఒక సంవత్సరం అలా గడిచింది.

ఒకరోజు మామ ఇంజను మీద మసి తుడుస్తూ ఆగిపోయాడు. కొత్త షాపువాడు బిగించిన బోల్టు మీద గుర్తుగా పసుపు రంగు చుక్క పెట్టాడు. నేను చూసుకోలేదు.

"ఇది నేను పెట్టింది కాదే" అన్నాడు.

నేనేదో గొణిగాను.

"కొంచెం గట్టిగా చెప్పప్పా."

చెవిలో చెప్పాల్సిన మాట. రెండోసారి గొంతు పెంచినా ఆయన నా మొహం వైపే చూస్తున్నాడు. ఇక దారి లేక, "నీకు ఇనపడ్డంల్యా మామా" అని అరిచాను. ఎదురుగా టీ అంగడిలోవాళ్లు మా వైపు తిరిగారు. పిల్లల్ని తిట్టడానికి కూడా అంత గట్టిగా అరిచినవాణ్ణి కాదు.

మామ గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "నాకు తెలుసు అయివారూ. రెండేండ్లాయ. ఒకరెనక ఒకరు అందరూ మానుకున్యారు. నువ్వొక్కడివే వస్తాంటివి. నీకు తెలీదనుకుంటాంటి."

రేపు కూడా వస్తాను అనాలనుకున్నాను. అది కూడా అరిచే చెప్పాలి. ఆయన బోల్టును ఒకసారి వేలితో తడిమి, బండిని మెల్లగా నా వైపు తిప్పాడు.

రంజాన్ నెల వచ్చేలోపు షాపు మూసేసి జమ్మలమడుగులో కూతురింటికి వెళ్లిపోయాడు. బడి నుంచి వస్తూ అప్పుడప్పుడూ ఆగేవాణ్ణి. కువైట్‌లో ఉన్న కొడుకు చెవి మిషను పంపించాడు. మొదటిసారి అది పెట్టుకున్న రోజు బండి స్టార్ట్ చేయమన్నాడు. చేశాను. ముందుకు వంగి శ్రద్ధగా విన్నాడు. తర్వాత మిషను తీసి జేబులో వేసుకున్నాడు.

"అన్నీ ఒకటే మాదిరి ఇనపడతాండాయి. రోడ్డు, కుక్కలు, ఫ్యాను. దాంట్లో బండి యాడుండాదో తెలీల్యా."

ఇంజను ఆపేశాను. ఆయన కూతురు టీ తెచ్చింది. తాగేదాకా పక్కన కూర్చున్నాను, అంతకంటే నా చేతిలో ఏమీ లేదు. మామ పోయి ఇప్పటికి నాలుగేళ్లు. కాలం కూడా చప్పుడు చేసుకుంటూనే వస్తుందనీ, వినపడగానే లేచి ఏదో ఒకటి చేసుకోవచ్చనీ ఆ రోజుల్లో నేను నిజంగానే నమ్మేవాణ్ణి.