రోకలి దంచినా కదలని గీత

2023 ఎండాకాలం. వనపర్తిలో కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగితీగ చుట్టడం నా బతుకుతెరువు. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు సీస్మోమీటర్లు చేసుకునేవాణ్ణి. పెట్టెలో స్ప్రింగుకు అయస్కాంతం వేలాడుతుంది. దాని చుట్టూ తీగచుట్ట, అదే కాయిల్. నేల కదిలితే కాయిల్‌లో చిటికెడు కరెంటు పుట్టి, ల్యాప్‌టాప్‌లో గీత వణుకుతుంది. ఎక్కడో దూరదేశంలో భూమి కదిలినా ఆ గీతకు తెలుస్తుంది. ఎండ మాగన్నుగా పడుకున్న ఆ వేళల్లో దాన్ని చూస్తుంటే నాకు అన్నం కూడా గుర్తొచ్చేది కాదు.

వీపనగండ్ల దగ్గరి రైతు నర్సింహులు మోటారు కోసం వచ్చి ఆ పెట్టెను చూశాడు.

"మా చంద్రమ్మ పగటిపూట పండుకుంటే కింద బండలు వణుకుతున్నయంటది అన్నా. ఇంట్ల ఇంకెవ్వరికీ తెలుస్తలేదు. జర నీ పెట్టె పెట్టి చూడు. ఏం లేదంటే పట్నంల పిచ్చిదవాఖానకు తీస్కపోత."

సన్న కదలిక కూడా తప్పిపోవద్దని రెండు కాయిల్స్‌తో కొత్త పెట్టె చేసి, వాళ్లింట్లో పెట్టి వచ్చాను. మూడోరోజు పోయి చూస్తే గీత తిన్నగా ఉంది.

"ఏం లేదు" అన్నాను.

"ఇన్నవా?" అన్నాడు నర్సింహులు భార్యతో.

చంద్రమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. కోపం లేదు, ఏడుపు లేదు. "ఒక్కమాట అన్నా. నిన్న నీ పెట్టె పక్కనే రోట్ల కారం దంచిన. అప్పుడన్న గీత కదలాలె గద?"

మళ్లీ దంచమన్నాను. దంచింది. గీత కదల్లేదు.

పెట్టె విప్పాను. మోటార్లలో పక్కపక్క కాయిల్స్‌ను చివరకు చివర కలుపుతాం. ఈ పెట్టెలో ఒకదాని చివరను రెండోదాని మొదలుకు కలపాలి. ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి మోటారు లెక్కనే కలిపింది. ఒక కాయిల్ పుట్టించిన కరెంటును రెండోది మింగేస్తోంది. చేతి మీద అంత నమ్మకం, తట్టి కూడా చూసుకోలేదు. ఆ నమ్మకంతోనే ఒక మనిషిని పిచ్చిదవాఖానకు పంపబోయాను.

అక్కడే తీగలు మార్చి, సీసంతో టాకా వేసి సరిచేశాను. అన్నాలయ్యాక చంద్రమ్మ బండల మీద ఒరిగి కళ్లు మూసుకుంది. ఇల్లంతా మత్తుగా ఉంది. చాలాసేపటికి, "ఇగో, ఇప్పుడు" అంది.

గీత సన్నగా వణికింది. ఆమె "ఆగింది" అన్నప్పుడు ఆగింది. తర్వాత కనుక్కుంటే, ఊరి గుట్ట అవతల కాలువకు నీళ్లెత్తే పెద్ద పంపులు నడిచే వేళ అది.

నర్సింహులు నేల మీద పడుకుని చెవి ఆనించాడు. "నాకైతే ఏం తెలుస్తలేదే" అన్నాడు.

"తెల్వకుంటే తెల్వదను" అంది ఆమె, కళ్లు తెరవకుండానే. "లేదనకు."

ఆ మాట మొగుడితోనే అంది. నేర్చుకున్నది మాత్రం నేను.