అవ్వ గొంతు, వసంతి పేరు

నిన్న నెల్లితోపులోని మా ఇంట్లో బీరువా సర్దుతుంటే ఒక ఫ్లాపీ దొరికింది. చిన్నప్పుడు మనమంతా దాని రేకు మూతను టకటకా లాగి ఆడుకునేవాళ్లం, గుర్తుందా?

తొమ్మిదో తరగతిలో బడి ప్రదర్శన కోసం నేనూ, నా స్నేహితురాలు వసంతీ మా అవ్వ చెప్పే కథను కంప్యూటర్‌లో చేయాలనుకున్నాం. ల్యాబ్‌లో రెండు సాఫ్ట్‌వేర్లు ఉండేవి. ఒకదాంట్లో బటన్ నొక్కితే బొమ్మల పేజీ మారుతుంది, అంతే. రెండోది కష్టం, కానీ అందులో బొమ్మలు కదులుతాయి, గొంతు కూడా వినిపిస్తుంది. అవ్వ గొంతు కోసం నాకు అదే కావాలనిపించింది.

"అది నేర్చుకునేదానికి యాడ టైముంది? సులువుదే చాల్లే," అంది వసంతి. నమ్మి, నెల రోజులు పేజీలు గీసి ఈ ఫ్లాపీలోనే దాచాను.

ప్రదర్శన రోజు పక్క కంప్యూటర్‌లోంచి అవ్వ గొంతు వినిపించింది. తెర మీద బొమ్మలు కదులుతున్నాయి. కింద వసంతి పేరొక్కటే ఉంది.

నా వెంట వచ్చిన అవ్వ మురిసిపోయింది. "నువ్వే పంపినావని ఆ పిల్ల టేపు తెచ్చింది. నీకోసమని కథ రెండుమాట్లు చెప్పినా. నీ పేరు యాడుందో చూపించు పాపా."

అవ్వకు చదువు రాదు. నేను వసంతి పేరు మీద వేలు పెట్టాను. అవ్వ ఆ అక్షరాలను ప్రేమగా నిమిరింది.